ఆరు చుక్కల మాష్టారు లూయీ బ్రెయిలీ



మహనీయుల జీవితాలు అనే మన శీర్షికలో ఈసారి ఒక హాస్టల్ కుర్రాడి గురించి చెప్పుకుందాం. అవును, మనలాగే హాస్టల్ కుర్రాడు. పదేళ్ల వయసులో ఇల్లు వదిలి హాస్టల్లో చేరాడు. పదిహేనేళ్లకల్లా, అంటే మనం తొమ్మిదో పదో తరగతి చదివే వయసులో, చూపులేని వాళ్లకి చదువుకునే దారి వేశాడు. ఆయన పేరు లూయీ బ్రెయిలీ.

బ్రెయిలీ లిపి అనే మాట మనం జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో చూసే ఉంటాం. ఎవరు కనిపెట్టారు అని అడిగితే టక్కున చెప్పి ఒక మార్కు కొట్టేస్తాం. కానీ అది ఎందుకు కనిపెట్టాల్సి వచ్చింది, కనిపెట్టాక ఏమయింది అన్న కథ ఆ ఒక్క మార్కులో పట్టదు. అందుకే ఈ వ్యాసం.

బాల్యం

ఫ్రాన్స్ దేశంలో పారిస్ నగరానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో కూప్‌వ్రే అనే పల్లెటూరు ఉంది. 1809 జనవరి 4న లూయీ అక్కడ పుట్టాడు. నలుగురు పిల్లల్లో కడగొట్టువాడు. తండ్రి సిమోన్ రెనే తోలు పని చేసేవాడు. గుర్రాలకి జీనులు, కళ్లేలు తయారుచేసి అమ్మేవాడు. తల్లి పేరు మోనిక్.

లూయీకి మూడేళ్ల వయసప్పుడు తండ్రి పనిచేసే కొట్లోకి వెళ్లి ఆడుకుంటున్నాడు. తోలుకి బెజ్జం పొడిచే ఆరె లాంటి మొనదేలిన పనిముట్టు ఒకటి చేతికి దొరికింది. నాన్న చేసినట్టే తనూ చేయబోయాడు. అది జారి కంట్లో గుచ్చుకుంది. ఆ కాలంలో చీము పట్టకుండా ఆపే మందులు లేవు. ఒక కంట్లో మొదలైన జబ్బు రెండో కంటికీ పాకింది. ఐదేళ్లు వచ్చేసరికి రెండు కళ్లూ పూర్తిగా పోయాయి.

ఆ రోజుల్లో చూపులేని పేదపిల్లలు చాలామందికి అడుక్కోవడమే బతుకు. లూయీ తల్లిదండ్రులు అలా వదిలెయ్యలేదు. తండ్రి కర్ర చెక్కి ఇచ్చాడు. దాంతో తాటిస్తూ లూయీ ఊరంతా తిరిగేవాడు. చెక్క మీద అక్షరం ఆకారంలో మేకులు కొట్టి, వాటిని తడిమించి తండ్రే అక్షరాలు నేర్పాడని చెబుతారు. ఊరి చర్చి ఫాదర్ పల్లూయీ పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని పాఠాలు చెప్పాడు. ఊరి బడి పంతులు బెషెరే అందరి పిల్లలతోపాటు లూయీని కూడా తరగతిలో కూర్చోనిచ్చాడు.

లూయీ చాలా చురుకు. పంతులు చెప్పింది ఒక్కసారి వింటే మళ్లీ అప్పజెప్పేవాడు. లెక్కలు నోటితోనే కట్టేవాడు. కానీ పంతులు పుస్తకాలు తియ్యమనగానే అందరూ పుస్తకం తెరిచేవాళ్లు, లూయీ మాత్రం చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది. మిత్రులారా, ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ తరగతిలో లోపం ఎక్కడుంది? పిల్లవాడి బుర్రలో లేదు, చెవిలో లేదు, వేళ్లలో లేదు. వేళ్లతో చదవగలిగే పుస్తకం లేకపోవడమే లోపం. ఇది మనసులో పెట్టుకుని ముందుకి చదవండి.

పారిస్ హాస్టల్

1819 ఫిబ్రవరిలో తండ్రి లూయీని పారిస్‌లో ఉన్న చూపులేని పిల్లల బడిలో చేర్పించాడు. వాలెంతిన్ ఆయీ అనే ఆయన 1780లలో పెట్టిన బడి అది. చూపులేని పిల్లల కోసం ప్రపంచంలో ఇలాంటి బడుల్లో అదే మొదటిది.

ఇల్లు వదిలి వచ్చిన మొదటి రాత్రి ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు కదా. లూయీకి కొత్త చోటు కళ్లతో చూసుకునే వీలు కూడా లేదు. బడి భవనం పాతది, చెమ్మగా, చలిగా ఉండేది. కాని స్నేహితులు దొరికారు, సంగీతం దొరికింది. గాబ్రియెల్ గోతియే అనే పిల్లవాడు ప్రాణస్నేహితుడు అయ్యాడు. బడిలో చెప్పులు కుట్టడం, అల్లిక పనులు కూడా నేర్పేవారు. లూయీ చదువులోనూ, చేతిపనిలోనూ, పియానోలోనూ బహుమతులు తెచ్చుకున్నాడు.

మరి పుస్తకాలో? ఆయీ గారు ఒక పద్ధతి పెట్టారు. తడి కాగితం మీద మామూలు అక్షరాలని గట్టిగా అచ్చొత్తితే అవి రెండో వైపు ఉబ్బెత్తుగా తేలతాయి. పిల్లలు ఆ అక్షరాలని వేలితో తడిమి చదవాలి. అంతకుముందు అసలేమీ లేదు కాబట్టి అది గొప్ప మేలే. ఆయీ గారికి దణ్ణం పెట్టాల్సిందే. కానీ చిక్కులు చాలా ఉన్నాయి. అక్షరం పెద్దదిగా ఉండాలి, లేకపోతే వేలికి తెలియదు. అందుకని పుస్తకం చాలా బరువు, ధర కూడా ఎక్కువ. బడి మొత్తానికి పుస్తకాలు కొన్నే ఉండేవి. ఒక్కో అక్షరం చుట్టూ వేలు తిప్పుకుంటూ వెళ్తే, వాక్యం చివరికి వచ్చేసరికి మొదట ఏముందో మరిచిపోయేవాళ్లు.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆ పద్ధతిలో పిల్లలు కష్టపడి చదవగలరు గానీ సొంతంగా రాయలేరు. నోట్సు రాసుకోలేరు. అమ్మకి ఉత్తరం రాయాలంటే చూపున్నవాళ్లకి చెప్పి రాయించుకోవాలి. మనసులో మాట ఇంకొకరి చెవిన పడకుండా ఇంటికి చేరదు. అక్షరాలు కంటి కోసం పుట్టినవి, వేలి కోసం పుట్టినవి కావు. వాటిని ఎంత పెద్దవి చేసినా వేలికి సరిపోవు.

పన్నెండు చుక్కలు ఆరు అయ్యాయి

1821లో షార్ల్ బార్బియే అనే ఆయన ఆ బడికి ఒక కొత్త పద్ధతి తెచ్చాడు. ఆయన అంతకుముందు సైన్యంలో అధికారి. గీతలు, వంపులు లేకుండా ఉబ్బెత్తు చుక్కలతోనే రాసే పద్ధతి అది. నిలువుగా ఆరేసి చుక్కల వరసలు రెండు, మొత్తం పన్నెండు చుక్కలు. గాళ్లున్న పట్టీ కాగితం మీద పెట్టి, మొన ఉన్న పుల్లతో పొడిస్తే అవతలి వైపు చుక్క లేస్తుంది. పిల్లలకి పండగే అయింది. చుక్క వేలికి ఇట్టే తెలుస్తుంది. అంతకంటే ముఖ్యంగా, చూపులేనివాళ్లు తమ చేత్తో తాము రాయగలిగారు.

లూయీ ఆ పద్ధతిని పట్టుకుని సాధన చేశాడు. చేసేకొద్దీ తప్పులు తెలిశాయి. పన్నెండు చుక్కల గుర్తు ఒక్క వేలి కింద పట్టదు, వేలు పైకీ కిందకీ జరపాలి. అది పలికే ధ్వనిని రాస్తుందే గాని స్పెల్లింగు రాయదు. కామా, ఫుల్‌స్టాపు లేవు. అంకెలు లేవు, సంగీతం రాసుకునే వీలు లేదు. చూపున్నవాళ్లు చదివే చదువంతా తమకీ కావాలంటే ఇది చాలదని లూయీకి అర్థమైంది.

అప్పటికి అతనికి పన్నెండేళ్లు. పగలంతా తరగతులు, పనులు. మిగిలిన సమయంలో, రాత్రిళ్లు, సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు కూడా కాగితం మీద పొడుస్తూ కూర్చునేవాడు. మూడేళ్లు అలా గడిచాయి. 1824 నాటికి, అంటే పదిహేనేళ్లకి, పద్ధతి ఒక రూపానికి వచ్చింది. పన్నెండు చుక్కలు ఆరు అయ్యాయి. నిలువుగా మూడు, పక్కన మూడు. వేలి కొన కింద మొత్తం గడి ఒక్కసారే ఇమిడిపోతుంది. వేలు ఆగక్కర్లేదు, అలా పక్కకి సాగిపోతుంటే చాలు.

ఆరు చుక్కలతో ఎన్ని గుర్తులు వస్తాయి అని మీకు అనుమానం రావచ్చు. లెక్క చేద్దాం. ఒక్కో చుక్క ఉండొచ్చు, లేకపోవచ్చు. అంటే రెండు వీలులు. రెండుని ఆరుసార్లు హెచ్చిస్తే 64. అన్నీ ఖాళీగా ఉండే గడి ఒకటి తీసేస్తే 63 గుర్తులు. అక్షరాలకి, అంకెలకి, విరామ చిహ్నాలకి, సంగీతానికి కూడా అదే గడి పనికొస్తుంది.

లూయీ వీటిని ఎలా పడితే అలా పంచెయ్యలేదు. మొదటి పది అక్షరాలకి పైన ఉన్న నాలుగు చుక్కలే వాడాడు. తరవాతి పదికి అవే గుర్తులు తీసుకుని కింద ఎడమ చుక్క కలిపాడు. ఆ తరవాత వాటికి కింద రెండు చుక్కలూ కలిపాడు. పది నేర్చుకుంటే మిగతావి వాటంతటవే వచ్చేస్తాయి. ఆ పది అక్షరాల ముందు ఒక అంకె గుర్తు పెడితే అవే అంకెలు అయిపోతాయి. ఇందులో కనబడే తెలివి లెక్కల మాష్టారి తెలివి లాంటిది.

మాష్టారు

1828లో లూయీ అదే బడిలో సహాయ ఉపాధ్యాయుడు అయ్యాడు. 1833లో పూర్తి ఉపాధ్యాయుడు అయ్యాడు. ఇక్కడి నుంచి మనం కూడా ఆయన్ని మాష్టారు అనే పిలుద్దాం.

1829లో మాష్టారు తన పద్ధతిని పుస్తకంగా వేశారు. మాటల్నీ సంగీతాన్నీ చుక్కలతో రాసే విధానం అని దాని సారాంశం. ఆ మొదటి కూర్పులో చుక్కలతోపాటు చిన్న గీతలు కూడా ఉండేవి. గీతలు రాయడానికి ఇబ్బంది అని వాడుకలో తెలిసింది. 1837లో వేసిన రెండో కూర్పులో వాటిని తీసేశారు. తను చేసిందే అయినా, వాడేవాళ్ల చేతికి కుదరకపోతే మార్చెయ్యాలి అనే గుణం ఆయనది. అదే 1837లో ఆ బడిలో మూడు సంపుటాల ఫ్రాన్స్ చరిత్ర పుస్తకం బ్రెయిలీ చుక్కల్లో అచ్చయింది.

మాష్టారు మృదుస్వభావి అనీ, పిల్లల్ని కసిరేవారు కాదనీ ఆయన్ని ఎరిగినవాళ్లు రాసిపెట్టారు. పారిస్ చర్చిల్లో ఆర్గన్ కూడా వాయించేవారు. కానీ ఇరవై ఆరేళ్ల వయసు నుంచే క్షయ, అంటే టీ.బీ. పట్టుకుంది. అప్పట్లో దానికి మందు లేదు. బాగున్నప్పుడు పాఠం, దగ్గు ఎక్కువైతే విశ్రాంతి, అలాగే నెట్టుకొచ్చారు.

చుక్కల మీద నిషేధం

ఇంత మంచి పద్ధతి వస్తే అందరూ ఎగిరి గంతేశారు అనుకుంటున్నారా? లేదు. బడికి పెద్దగా ఉన్న పిన్యే గారు మాష్టారికి అండగా ఉండేవారు. 1840లో ఆయన్ని తప్పించి డ్యూఫో అనే ఆయన పెద్ద అయ్యాడు. ఆయన చుక్కల లిపి వద్దన్నాడు. చుక్కల పుస్తకాలు తగలబెట్టారని కూడా మాష్టారి జీవిత చరిత్రల్లో ఉంది.

ఎందుకు వద్దన్నారు? చూపున్నవాళ్లకి ఒక లిపి, చూపులేనివాళ్లకి ఇంకో లిపి ఉంటే, ఇద్దరి మధ్యా గోడ లేస్తుందని వాళ్ల వాదన. ఉపాధ్యాయులు కొత్త లిపి నేర్చుకోవాల్సి రావడం కూడా ఒక బాధే. ఈ వాదన పూర్తిగా కొట్టెయ్యడానికి లేదు. మాష్టారు కూడా కొట్టెయ్యలేదు. 1839లోనే ఆయన ఇంకో పద్ధతి తయారుచేశారు. చుక్కలు పక్కపక్కనే పొడిచి మామూలు అక్షరం ఆకారం తెచ్చే పద్ధతి అది. చూపులేని కొడుకు రాసిన ఉత్తరం చూపున్న తల్లి చదువుకోవచ్చు. చేత్తో రాస్తే ఆలస్యం అవుతోందని ఆయన స్నేహితుడు ఫూకో 1841లో దానికి ఒక మిషను చేశాడు. ఆయనకీ చూపు లేదు. టైపు మిషను ఇంకా వాడుకలోకి రాని రోజులవి.

గోడ లేస్తుందన్న భయానికి మాష్టారు ఇచ్చిన జవాబు అది. ఉన్న దారి మూసెయ్యలేదు, ఇంకో దారి వేశారు.

మరి పిల్లలేం చేశారు? వద్దన్నా మానలేదు. చాటుగా చుక్కలు పొడుచుకుంటూ డైరీలు రాసుకున్నారు, చీటీలు రాసుకున్నారు. పెద్దపిల్లలు చిన్నపిల్లలకి నేర్పారు. హాస్టల్ పిల్లల సంగతి మనకి తెలియంది కాదు. ఒకసారి తమ చేత్తో తాము రాయడం రుచి చూసినవాడి దగ్గర ఆ పని లాక్కోవడం ఎవరి తరం?

చివరికి బడిలో రెండో స్థానంలో ఉన్న గాదే అనే ఆయన ఈ లిపి విలువ తెలుసుకుని డ్యూఫోకి నచ్చజెప్పాడు. బడికి కొత్త భవనం కట్టారు. 1844 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగింది. వచ్చిన పెద్దమనుషుల ముందు బ్రెయిలీ లిపి గొప్పతనం చదివి వినిపించారు. పిల్లల చేత అక్కడికక్కడే రాయించి, చదివించి చూపించారు. నిషేధించిన బడిలోనే లిపికి మర్యాద దక్కింది. మాట మార్చుకున్న డ్యూఫోని కూడా మెచ్చుకోవాలి. పెద్దవాళ్లు నిర్ణయం మార్చుకోవడం చిన్న విషయం కాదు.

చివరి రోజులు

1852 జనవరి 6న, 43 ఏళ్లు నిండిన రెండు రోజులకే, మాష్టారు టీ.బీ.తో కన్నుమూశారు. సొంత ఊరు కూప్‌వ్రేలో సమాధి చేశారు. ఆయన దగ్గర ఒక చిన్న పెట్టె ఉండేదట. దాన్ని తెరవకుండా తగలబెట్టమని చెప్పి పోయారట. తెరిచి చూస్తే అందులో ఉన్నవి పిల్లలు ఆయన దగ్గర తీసుకున్న అప్పు చీటీలు అంటారు.

ఆయన పోయిన రెండేళ్లకి, 1854లో ఆ లిపిని బడిలో అధికారికంగా ఆమోదించారు. 1878లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సభ చూపులేనివారి చదువుకి ఈ పద్ధతే మేలని తేల్చింది. పోయిన వందేళ్లకి, 1952లో, ఫ్రాన్స్ ప్రభుత్వం ఆయన అస్థికల్ని దేశంలోని మహనీయులు ఉండే పాంథియోన్‌కి తరలించింది. చూపూ వినికిడీ లేకపోయినా బ్రెయిలీ చదివి పేరు తెచ్చుకున్న హెలెన్ కెల్లర్ ఆ వేడుకకి వచ్చింది. చేతి ఎముకలు మాత్రం కూప్‌వ్రేలోనే ఉంచేశారు. చుక్కలు పొడిచిన చేతుల్ని ఆ ఊరు తన దగ్గరే అట్టిపెట్టుకుంది.

మన తెలుగులో చుక్కలు

బ్రెయిలీ మన దేశానికి వచ్చాక మొదట్లో ఒక్కో చోట ఒక్కో రకంగా వాడేవారు. 1951లో భారతీయ భాషలన్నిటికీ కలిపి భారతి బ్రెయిలీ అనే ఉమ్మడి పద్ధతి కుదిరింది. తెలుగు క, హిందీ క, తమిళ క అన్నిటికీ ఒకే గుర్తు. మన లూయీ గడిలో ఎడమ వరసలో పైనుంచి కిందకి 1, 2, 3 చుక్కలు. కుడి వరసలో 4, 5, 6.

క అంటే 1, 3 చుక్కలు. మ అంటే 1, 3, 4 చుక్కలు. ల అంటే 1, 2, 3 చుక్కలు. మూడూ పక్కపక్కన పెడితే కమల. మీరూ చేసి చూడండి. పాత అట్టముక్క కింద గుడ్డ మడతపెట్టి, రీఫిల్ అయిపోయిన పెన్నుతో పొడవండి. ఒక్కటి గుర్తుంచుకోండి. పొడిచేది వెనక వైపు కాబట్టి కుడి నుంచి ఎడమకి రాయాలి, 1, 2, 3 చుక్కలు కుడి వైపు వస్తాయి. తిప్పి చదివేటప్పుడు ఎడమ నుంచి కుడికి సరిగ్గా వస్తుంది. కళ్లు మూసుకుని స్నేహితుడి పేరు చదివి చూడండి, వేళ్లకి ఎంత పని ఉందో తెలుస్తుంది.

ఇప్పటి తరగతి గదిలో

ఈ రోజుల్లో చూపులేని పిల్లలకి చాలా పరికరాలు వచ్చాయి. బ్రెయిలీ పలక, పుల్ల ఇప్పటికీ ఉన్నాయి. చుక్కకి ఒకటి చొప్పున ఆరు మీటలు ఉండే పెర్కిన్స్ మిషను 1951లో వచ్చింది. లెక్కలకి టేలర్ ఫ్రేము ఉంది. కంప్యూటర్ తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంది. సెల్‌ఫోన్ కూడా చదివి వినిపిస్తుంది. చిన్న చిన్న పిన్నులు పైకి లేస్తూ, దిగుతూ వరస వరసా మార్చే బ్రెయిలీ పరికరం కూడా ఉంది. అన్నిటికంటే కొత్తదైన ఆ పరికరంలో కూడా వేలి కిందకి వచ్చేది మాష్టారి చుక్కలే.

ఫోను చదివి వినిపిస్తుంటే ఇంక బ్రెయిలీ ఎందుకు అని కొందరు అడుగుతారు. వినడం వేరు, చదవడం వేరు. వింటే కథ తెలుస్తుంది గానీ స్పెల్లింగు తెలియదు, ఒత్తు ఎక్కడుందో తెలియదు, లెక్క మెట్లు కళ్ల ముందు నిలబడవు. మనకి ఎవరో పాఠం చదివి వినిపిస్తే సరిపోతుందా, నోటుపుస్తకం వద్దా?

వార్డెన్ గారు, ఉపాధ్యాయులు పెద్ద మనసుతో ఒక మాట వినాలి. మన దేశంలో 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. చట్టం చెప్పిన మేర వైకల్యం ఉన్న పిల్లలకి 18 ఏళ్ల వరకు పుస్తకాలు, తగిన పరికరాలు ఉచితంగా ఇవ్వాలని అందులో ఉంది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి సౌకర్యం గురించీ ఉంది. ఇది దయ కాదు, హక్కు. కాని అడిగేవాళ్లు ఉంటేనే అది కొండ మీద బడి వరకూ వస్తుంది.

మిత్రులారా, మనమూ చెయ్యగలిగింది ఉంది. బోర్డు కనబడక పక్కవాడి నోట్సు చూసి రాసుకునేవాళ్లు, పిలిస్తే పలకనివాళ్లు ఏ తరగతిలోనైనా ఉండొచ్చు. వాళ్లని మొద్దు అని ఎగతాళి చెయ్యకండి. వాళ్లకి కావలసింది ఒక కళ్లజోడో, చెవి మిషనో, ముందు బెంచీలో చోటో కావచ్చు. పక్కన కూర్చునే మనకే అది ముందు తెలుస్తుంది. టీచరుకో, వార్డెన్ గారికో చెబుదాం. అయితే చెప్పేముందు ఆ స్నేహితుణ్ణి అడుగుదాం. తనకి ఏం కావాలో తనకే బాగా తెలుసు. పెద్దలు కంటికి నచ్చిన అక్షరాలు ఇస్తే, వేలికి నచ్చిన చుక్కలు తెచ్చుకున్నది ఆ అవసరం ఉన్న పిల్లవాడే కదా.

మీకు తెలుసా?

* జనవరి 4ని ఐక్యరాజ్య సమితి 2019 నుంచి ప్రపంచ బ్రెయిలీ దినంగా జరుపుతోంది.
* లూయీ బ్రెయిలీ పుట్టి 200 ఏళ్లయిన సందర్భంగా 2009లో మన దేశం ఆయన బొమ్మతో 2 రూపాయల నాణెం తెచ్చింది.
* ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరం బ్రెయిలీలో వరస తప్పి ఉంటుంది. అప్పటి ఫ్రెంచి వర్ణమాలలో ఆ అక్షరం లెక్కలో లేదు కాబట్టి తరవాత చేర్చారు.

సేకరణ, రచన: 10వ తరగతి